మెనూ పని చేసింది, ఉద్యోగం రాలేదు... జావాకు మారాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తయి ఏడాది అయింది. ఇంట్లోనే పీహెచ్‌పీ భాష, దానితో వెబ్‌సైట్లు కట్టే లారావెల్ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకున్నాను. ఈమధ్య ఒక చిన్న కంపెనీ వాళ్లు కోచింగ్ సెంటర్‌కు అయిదు పేజీల వెబ్‌సైట్ చేసి, ఏ పేజీలో ఉంటే మెనూలో ఆ లింకు హైలైట్ అయ్యేలా చూపించమన్నారు. ప్రతి పేజీలోనూ మెనూ పెట్టి, ఆ పేజీ లింకుకు మాత్రం రంగు మార్చే 'యాక్టివ్' అనే క్లాసు రాశాను. చక్కగా పని చేసింది. అయినా తీసుకోలేదు. పీహెచ్‌పీకి రోజులు అయిపోయాయని స్నేహితులు అంటున్నారు. అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ కోర్సుకు ఫీజు కడతానని నాన్న అంటున్నారు. చేరమంటారా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఇప్పుడే చేరవద్దు. మీకు అడ్డం వచ్చింది పీహెచ్‌పీ కాదని నా నమ్మకం. 'ప్రతి పేజీలోనూ మెనూ పెట్టి' అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. రేపు ఆ సెంటర్ వాళ్లు 'ఫలితాలు' అనే ఇంకో లింకు కలపమంటే మీరు ఫైళ్లన్నీ తెరిచి మార్చాలి. ఏదో ఒక దాంట్లో మర్చిపోతారు. ఇలాంటి చిన్న పని ఇచ్చేవాళ్లు లింకు రంగు మారిందా అని మాత్రమే చూడరు. ఆరు నెలల తర్వాత ఈ కోడ్‌ను ఇంకొకరు ముట్టుకోగలరా అని చూస్తారు.

అదే పనిని మళ్లీ చేయండి. లారావెల్‌లో పేజీల మూసలు రాసే బ్లేడ్ ఉంది కదా, మెనూను ఒక కాంపొనెంట్‌గా (విడి ముక్కగా) ఒకే చోట రాసి, అన్ని పేజీలకూ ఉమ్మడి చట్రమైన లేఅవుట్‌లో పెట్టండి. లింకుల పేర్లు, వాటి రూట్ పేర్లు (ఒక్కో అడ్రస్‌కు లారావెల్‌లో మనం పెట్టుకునే పేర్లు) ఒక అర్రేలో, అంటే జాబితాలో ఉంచి లూప్ తిప్పండి. కొత్త లింకు వస్తే ఒక్క వరుస కలిపితే చాలు.

ఇక అసలు ప్రశ్న. ఇప్పుడు ఏ పేజీలో ఉన్నామో మెనూకు ఎలా తెలుస్తుంది? చాలామంది బ్రౌజర్‌లోని అడ్రస్ మొత్తాన్ని లింకు అడ్రస్‌తో పోల్చేస్తారు. కోర్సుల జాబితాలో రెండో పేజీకి వెళ్లగానే అడ్రస్ చివర ప్రశ్నార్థకం, పేజీ నంబరు చేరతాయి, హైలైట్ మాయమవుతుంది. సరే, అడ్రస్ మొదలు కలిస్తే చాలనుకుంటే ఇంకో తంటా. హోమ్ పేజీ అడ్రస్ ఒక్క స్లాషే కదా, అన్ని అడ్రస్‌లూ దానితోనే మొదలవుతాయి. దాంతో హోమ్ లింకు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఈ రెండు తప్పులూ మీరే కావాలని ఒకసారి చేసి చూడండి, ఇక మర్చిపోరు.

అందుకే అడ్రస్‌ను కాకుండా రూట్ పేరును అడగాలి. కోర్సుల కోసం రిసోర్స్ రూట్ అని ఒక్క వరుస రాస్తే, చూడటం, చేర్చడం, మార్చడం లాంటి పనులకు లారావెల్ ఏడు రూట్లు ఇస్తుంది: ఇండెక్స్, క్రియేట్, స్టోర్, షో, ఎడిట్, అప్‌డేట్, డిస్ట్రాయ్. అన్నిటి పేర్లలోనూ 'కోర్సెస్', చుక్క, ఆ తర్వాత పని పేరు వస్తాయి. రిక్వెస్ట్ (బ్రౌజర్ పంపిన అభ్యర్థన) మీద 'రూట్ఈజ్' (routeIs) ఫంక్షన్ పిలిచి, 'కోర్సెస్', చుక్క, నక్షత్రం గుర్తు ఇస్తే కోర్సులకు చెందిన ఏ పేజీలో ఉన్నా లింకు వెలుగుతుంది. రేపు అడ్రస్ మారినా, రూట్ పేరు అలాగే ఉంచితే మెనూ చెడదు.

ఇంకొక్క మాట, దీన్ని చాలామంది వదిలేస్తారు. రంగు ఒక్కటే మారిస్తే చూపు లేనివాళ్లకు ఏమీ తెలియదు. లింకుకు 'ఏరియా కరెంట్' (aria-current) అనే యాట్రిబ్యూట్‌లో 'పేజ్' అని రాస్తే, ఇదే ఇప్పుడున్న పేజీ అని స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను చదివే సాఫ్ట్‌వేర్) చదివి వినిపిస్తుంది. రంగులు సరిగా గుర్తించలేనివాళ్ల కోసం ఒక అడుగు గీత కూడా పెట్టండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే. దించుకుని, మీ మెనూను కళ్లు మూసుకుని ఒకసారి వినండి.

అడ్మిన్ లింకును మామూలు యూజర్లకు దాచమని అడిగే అవకాశమూ ఉంది. దాచినంత మాత్రాన భద్రత రాదు, అడ్రస్ తెలిసినవాళ్లు నేరుగా టైప్ చేస్తారు. పేజీ తెరుచుకునే ముందే అనుమతి చూసే మిడిల్‌వేర్‌తో రూట్ దగ్గర ఆపాలి.

పీహెచ్‌పీకి రోజులు అయిపోయాయన్న మాట నేను ఒప్పుకోను. వెబ్‌సైట్లు తయారు చేసే వర్డ్‌ప్రెస్ నడిచేదే దాని మీద. చిన్న కంపెనీల్లో, ఏజెన్సీల్లో ఆ పని ఉంటూనే ఉంది. అయితే పెద్ద సర్వీస్ కంపెనీలే మీ లక్ష్యమైతే జావా ఉపయోగపడుతుంది, నాన్నగారి ఆలోచనలో తప్పు లేదు. కానీ ఈ మెనూ ప్రశ్న అక్కడా ఎదురవుతుంది. ఫుల్‌స్టాక్‌లో భాగంగా, తెరమీద కనిపించే భాగం రాసే రియాక్ట్ నేర్పితే, దానితో వాడే రౌటర్‌లో (పేజీలు మార్చే లైబ్రరీలో) 'నావ్‌లింక్' అని ఒకటి కనిపిస్తుంది. లోపలి పేజీలో ఉన్నా పై లింకును వెలిగించడం, హోమ్ లింకును మాత్రం వేరుగా చూడటం, 'ఏరియా కరెంట్' పెట్టడం అన్నీ అదే చేస్తుంది. ఎందుకలా చేస్తుందో తెలిసినవాళ్లకు అది పది నిమిషాల పాఠం.

కాబట్టి ఒక నెల ఆగండి. ఆ వెబ్‌సైట్‌ను తిరగరాసి, కోడ్ అందరికీ చూపించుకునే గిట్‌హబ్‌లో పెట్టండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో రీడ్‌మీ అనే వివరాల ఫైల్లో నాలుగు ముక్కలు రాయండి. కోర్సు వివరాల పేజీ తెరిస్తే కోర్సుల లింకు వెలుగుతోందో లేదో చూసే టెస్ట్ ఒకటి కలపండి. దాన్ని రెజ్యూమేలో చేర్చి కనీసం పది చోట్ల అప్లై చేయండి. ఒక్క ఇంటర్వ్యూ పోయిందని టెన్షన్ పడి భాష మార్చుకోవద్దు.

అప్పటికీ జావా వైపే మనసు పోతే ముందు డెమో క్లాసుకు వెళ్లి కూర్చోండి. మీకు ఈ ఇంటర్వ్యూలో వచ్చిన మెనూ ప్రశ్ననే అక్కడి సార్‌ను అడగండి. ఆయన కోడ్ రాసి చూపించి, ఎందుకలా రాశారో కూడా చెబితే ఫీజు గురించి నాన్నగారితో మాట్లాడండి.