టీడీఎస్ మీటర్‌ని నమ్మి తాగొచ్చా?

ప్రశ్న: మాది కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు) పక్క పల్లె. సైనైడ్ దిబ్బలు, అంటే సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన గని మట్టి కుప్పలు, కనిపించేంత దూరంలోనే మా బోరు ఉంది. బిందె అడుగున తెల్లటి పొర కడుతోంది. ఫిల్టర్లమ్మే అతను మీటర్ పెట్టి 480 చూపించి, భయం లేదన్నాడు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దమ్మా. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో అంచనాగా చెబుతుంది, అంతే. గని మట్టిలో ఉండే ఆర్సెనిక్ అనే విషం లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటితేనే తాగడానికి పనికిరాదు, అంత కొంచెం దానికి కనబడదు. తెల్లపొర మాత్రం ఎక్కువగా సున్నమే, దానికి టెన్షన్ పడకండి.

గని 2001లోనే మూతపడింది. సైనైడ్ ఎండకి, గాలికి చాలావరకు విరిగిపోతుంది కానీ ఆర్సెనిక్ లాంటివి విరిగేవి కావు, వాన పడ్డప్పుడల్లా దిబ్బల మట్టితో కొట్టుకొచ్చి వాగులోకి, చెరువులోకి చేరొచ్చు, మెల్లగా భూమిలోకీ దిగొచ్చు. అందుకే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఆర్సెనిక్, సైనైడ్, సల్ఫేట్, పీహెచ్ విడివిడిగా చేయించండి. సీసాలు ల్యాబ్ వాళ్లనే అడగండి, ఎందుకంటే లోహాల సీసాలో ఆమ్లం, సైనైడ్ సీసాలో క్షారం వేస్తారు, అవి తారుమారైతే లెక్క తప్పుతుంది. మోటారు పది నిమిషాలు వదిలాకే పట్టండి.

ఒక్కసారితో తేలదు. మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక ఇంకోసారి, దిబ్బలకి ఎగువన ఉన్న బోరు నీళ్లతో కలిపి చేయిస్తేనే తేడా దిబ్బలదో, నేలదో తెలుస్తుంది. రిపోర్టు వచ్చేదాకా పిల్లలకి వేరే నీళ్లు పట్టండి, కాచినా ఆర్సెనిక్ పోదు.