గీజరు స్నానాల గదిలో వద్దమ్మా

చిరంజీవి మేనకోడలికి, తాడిపత్రి నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోన్‌లో పంపిన ఫొటో చూశాను. స్నానాల గది గోడ మీద ప్లంబర్ పెన్సిల్‌తో గీసిన గుర్తు, కింద బకెట్, పైన మూసి ఉన్న చిన్న వెంటిలేటర్. "గ్యాస్ గీజరు కొన్నాం మామా, రేపొచ్చి ఇక్కడ బిగిస్తానన్నాడు, సరేనా" అని అడిగావు. సరికాదు తల్లీ. రేపు రావద్దని అతనికి ఈ రాత్రికే చెప్పు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని, అల్లుడు కూడా కూర్చుని చదవాలని ఇలా రాస్తున్నాను.

గ్యాస్ స్టవ్‌లు, గీజర్లు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు బతికినవాణ్ని. నీకు ఇదివరకు చెప్పని సంగతి ఒకటుంది. ఇరవై ఏళ్ల కిందట ఒక మాస్టారింట్లో గీజరు బిగించాను. స్నానాల గదిలోనే పెట్టమన్నారు, పైపు ఖర్చు తగ్గుతుందని. అద్దాల రెక్కల వెంటిలేటర్ ఉంది, గాలి ఆడుతుందిలే అనుకుని నేనూ ఒప్పుకున్నాను. డిసెంబర్ వచ్చింది. చలిగాలి కొడుతోందని వాళ్లు ఆ రెక్కల మీద అట్టముక్క పెట్టి మేకులు కొట్టారు. ఒకరోజు పొద్దున వాళ్లమ్మాయి స్నానానికి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. తలుపు పగలగొట్టి చూస్తే నేల మీద పడి ఉంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, దేవుడి దయవల్ల బతికింది. నేను పరుగున పోయి గీజరంతా విప్పి చూశాను. లీకు లేదు. ట్యూబు కొత్తది. ఒక్క మర కూడా వదులు లేదు. నేను బిగించింది బిగించినట్టే ఉంది, బిగించిన చోటే తప్పు. ఆ తర్వాత స్నానాల గదుల్లో నేను పెట్టిన ఇళ్లన్నిటికీ తిరిగి, కూలి తీసుకోకుండా బయటికి మారుస్తానని అడిగాను. కొందరు ఒప్పుకోలేదు. వాళ్ల ఇళ్ల ముందు నుంచి పోతున్నప్పుడు ఇప్పటికీ నాకు టెన్షనే.

అందరూ భయపడేది సిలిండర్ పేలుతుందనే. ఆ భయం మంచిదే. అయితే గ్యాస్ లీకైతే వాసన వస్తుంది. గ్యాస్‌కు సొంత వాసన లేదు, మనకు తెలియాలనే కంపెనీవాళ్లు మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. గీజరు మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తం ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. అందుకే గాలిలో అది కొద్దిగా ఉన్నా మనిషి పడిపోతాడు.

లెక్క చెబుతాను, అల్లుడికి లెక్కలంటే ఇష్టం కదా. ఒక కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే 15 కిలోలకు పైగా గాలి కావాలి. మీ స్నానాల గది 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు అన్నావు. ఆ గదిలోని గాలి మొత్తం తూస్తే 9 కిలోల చిల్లర. నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గీజరు పూర్తి మంట మీద గంటకు దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. అంటే పది నిమిషాల స్నానంలో గదిలోని గాలిలో పావు వంతు మంటకే సరిపోతుంది. మిగిలిన గాలి మండిన పొగతో కలిసిపోతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా మండదు, అప్పుడే ఆ విషం ఎక్కువ పుడుతుంది. ఒకరి తర్వాత ఒకరు వరుసగా స్నానం చేస్తే, మూడోవాళ్లకు వచ్చేసరికి గది ఎలా ఉంటుందో ఆలోచించు.

మన పాత మిద్దెలో అవ్వ అండా కింద కట్టెలు పెట్టి నీళ్లు కాచేది. పైకప్పులో గవాచి అనే రంధ్రం ఉండేది, పొగ అందులోంచి పోయేది, పొగ ఎక్కువైతే కళ్లు మండి మనమే బయటికొచ్చేవాళ్లం. ఇప్పటి ఇళ్లకు గవాచి లేదు, అల్యూమినియం కిటికీలు గాలి చొరకుండా మూసుకుంటాయి.

నీ ఇంట్లో వంటింటి వెనుక వాష్ ఏరియా ఉంది కదా, ఒకవైపు గ్రిల్లుతో. గీజరు అక్కడ పెట్టండి. వేడినీళ్ల పైపు గోడలోంచి స్నానాల గదికి తెచ్చుకోవచ్చు. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది, సీపీవీసీ పైపే అడగండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనీ. ఇంటి ఓనర్ గోడకు బొక్క వద్దంటే నేను మాట్లాడతాను.

ఇక్కడ ఒకటి బాగా చూడాలి. నీ ఫొటోలో స్నానాల గది వెంటిలేటర్ అదే వాష్ ఏరియాలోకి తెరుచుకుంటోంది. గీజరును దాని కింద గానీ, పక్కన గానీ పెట్టారంటే వేడి పొగ పైకి లేచి నేరుగా ఆ రంధ్రంలోంచి లోపలికే వస్తుంది. స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే మరీ ప్రమాదం. ఆ ఫ్యాన్ గదిలోని గాలిని బయటికి తోస్తుంది, బదులు గాలి తలుపు సందుల్లోంచి రావాలి, గీజరు పొగ దగ్గరుంటే దాన్నే లాక్కొస్తుంది. కాబట్టి అవతలి మూలన, గ్రిల్లు వైపు, మంట కనిపించే గాజు కిటికీ నీ కళ్ల ఎత్తుకు వచ్చేలా పెట్టించు. పైన బట్టలు ఆరేసే తీగ ఉండకూడదు. వానకు తడుస్తోందని ఆ గ్రిల్లుకు ప్లాస్టిక్ షీటు కట్టవద్దు. కడితే అది కూడా మూసిన గదే.

పొగగొట్టం ఉన్న మోడల్ అయితే లోపల పెట్టుకోవచ్చని షాపువాడు చెబుతాడు. గొట్టం కీలు ఊడినా, పైన పిట్ట గూడు పెట్టినా ఎవరు చూస్తారు? నా ఇంట్లో అయితే నేను పెట్టను, నీ ఇంట్లోనూ పెట్టనివ్వను.

సిలిండర్ సంగతి. వంటింటి సిలిండర్ నుంచే T ఆకారపు ముక్క పెట్టి గీజరుకు కూడా లాగుతామంటారు, ఒప్పుకోవద్దు. గీజరుకు వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్ ఉండాలి. రెండో సిలిండర్‌కు ఏజెన్సీలో దరఖాస్తు ఇస్తే ఇస్తారు. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నేల మీద పాకుతుంది. అందువల్ల సిలిండర్‌ను నీళ్లు పోయే జాలీ దగ్గర పెట్టకూడదు, వాషింగ్ మెషిన్ ప్లగ్గుకూ ఇన్వర్టర్ బ్యాటరీకీ దూరంగా ఉండాలి. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. మీ వాష్ ఏరియాలో మెషిన్ ఎడమ వైపు ఉంది, సిలిండర్ కుడి చివర.

ట్యూబు ఆరెంజ్ రంగు సురక్ష ట్యూబే కావాలి. ఐఎస్‌ఐ గుర్తు, తయారైన తేదీ దాని మీదే ముద్రించి ఉంటాయి. అయిదేళ్లకు మార్చేయాలి, బాగానే ఉంది కదా అని ఉంచవద్దు. గోడలోంచి దూర్చవద్దు, కనిపించకుండా కప్పవద్దు. ట్యూబు చాలకపోతే ఇంకో ముక్క అతికించడం కాదు, సిలిండర్‌నే దగ్గరికి జరపాలి. బిగించిన తర్వాత ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి చూడాలి, బుడగలు లేస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసే మెకానిక్ ఎవరైనా ఉంటే అతన్ని ఇంటికి రానివ్వవద్దు.

సిలిండర్ తెచ్చిచ్చేటప్పుడు మూత తీయించి లోపలి రబ్బరు వాషర్ ఉందో లేదో చూడు. పై పట్టీల మీద లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి తర్వాతి మూడేసి నెలలు. అంకెలు సంవత్సరం. బి 27 అని ఉంటే 2027 జూన్ తర్వాత ఆ సిలిండర్‌కు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినది ఇస్తే వెనక్కి పంపించే హక్కు నీకుంది.

మన జిల్లా బోరు నీళ్ల సంగతి నీకు తెలియనిది కాదు, బకెట్‌కే తెల్లగా పొర కడుతుంది. ఆ సున్నమే గీజరు లోపలి రాగి గొట్టంలోనూ పేరుకుంటుంది. నీళ్లు సన్నగా వస్తాయి, గొట్టం మితిమీరి కాలుతుంది. బయట రాగి రెక్కల మధ్య మసి పడితే పొగ పోయే దారి మూసుకుని మంట చెడుతుంది. ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యే ముందు, మెకానిక్‌తో విప్పించి లోపలా బయటా శుభ్రం చేయించు. మంట నీలంగా ఉండాలి. కొసలు పసుపుగానో ఎర్రగానో మారాయంటే ఆ రోజు స్నానానికి పొయ్యి మీద నీళ్లు కాచుకోండి, గీజరు ముట్టుకోవద్దు. అందులో రెండు టార్చి సెల్లులు ఉంటాయి. అవి బలహీనపడితే టకటకమంటుంది గానీ అంటుకోదు, ఈలోగా గ్యాస్ చేరి ఒక్కసారి భగ్గుమంటుంది. నాలుగైదు సార్లకు అంటుకోకపోతే కొళాయి కట్టేసి, కొన్ని నిమిషాలు ఆగి, సెల్లులు మార్చి చూడండి.

మీ అత్తగారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కార్తీకమాసం, ఆమె తెల్లవారుజామున నాలుగింటికే స్నానానికి లేస్తారు. సోమవారాలు ఉపవాసం. తల నొప్పి, తిప్పడం, కడుపులో వికారం, కాళ్లలో బలం లేనట్టు ఉండటం, ఇవన్నీ ఆ విషం మొదటి గుర్తులు. ఆమె ఉపవాసం వల్ల అనుకుంటారు, మీరు బీపీ అనుకుంటారు. స్నానాల గదిలో మొదలై, బయటికి రాగానే తగ్గితే అది గీజరే అని అనుమానించండి. పసిపిల్లలకు, గర్భిణులకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అందరికంటే ముందు తగులుతుంది. నీ ఆర్నెల్ల బిడ్డకు స్నానం చేయించేటప్పుడు గీజరు మండుతూ ఉండనే వద్దు, బయట ఉన్నా సరే. బకెట్ నింపుకుని, ఆపేసి, తర్వాత పోసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యి. అత్తగారిని స్నానం చేసేటప్పుడు లోపలి గడియ వేసుకోవద్దని కూడా అడుగు. ఇంట్లోవాళ్లమే కదా, బయటి నుంచి పిలుస్తూ ఉంటే చాలు.

బిడ్డకు సాంబ్రాణి పొగ వేశాక బొగ్గుల కుంపటి గదిలోనే ఉంచి తలుపులు మూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. బొగ్గుల నుంచి వచ్చేదీ అదే విషం. పొగ వేయగానే కుంపటి బయట పెట్టండి.

ఎప్పుడైనా ఎవరైనా లోపల పడిపోతే మొదట తలుపు బార్లా తెరవండి, గ్యాస్ ఆపండి, మనిషిని గాలిలోకి లాగండి. లోపల నిలబడి మొహం మీద నీళ్లు చల్లుతూ కూర్చుంటే లాగడానికి వచ్చినవాళ్లు కూడా పడిపోతారు. వెంటనే 108కి ఫోన్. ఆసుపత్రిలో "గ్యాస్ గీజరు దగ్గర పడిపోయారు" అని నోరు తెరిచి చెప్పండి. వేలికి పెట్టే క్లిప్పు మిషన్‌కు ఈ విషానికీ ఆక్సిజన్‌కూ తేడా తెలియదు, 98 అని చూపిస్తుంది, బాగానే ఉన్నారని ఇంటికి పంపే ప్రమాదం ఉంది. రక్తపరీక్షలోనే బయటపడుతుంది. మామూలు గ్యాస్ వాసన వస్తే మాత్రం స్విచ్ వేయవద్దు, తీయవద్దు, రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఆ నంబర్ తలుపు మీద రాసి అతికించు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒకటి తెప్పించు. గ్యాస్ లీకు అలారం వేరు, ఇది వేరు, పెట్టె మీద చదివి కొనండి. లీకుది నేలకు దగ్గరగా పెట్టాలి, దీన్ని మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో పెట్టాలి.

సొంత ఇల్లయి ఉంటే మన అనంతపురం ఎండకు సోలార్ పెట్టుకోమనేవాణ్ని. అద్దె ఇంట్లో మేడ మీద ఓనర్ ఒప్పుకోడు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. ప్లంబర్‌ను పదింటికి రమ్మను, నేను దగ్గరుండి బిగింపిస్తాను. ఈలోగా రెండు పనులు చేసి పెట్టండి. గీజరు పెట్టే మూల నుంచి స్నానాల గది కొళాయి దాకా టేపుతో కొలిచి నాకు మెసేజ్ పెట్టు, సీపీవీసీ పైపు, మలుపు ముక్కలు ఇక్కడే కొనుక్కొస్తాను. రెండోది, మీది పై అంతస్తు కదా, మీ నీళ్ల ట్యాంకు అడుగు నుంచి గీజరు పెట్టే ఎత్తు ఎన్ని అడుగులు కిందికి ఉందో అల్లుణ్ని చూడమను. నీళ్ల జోరు చాలకపోతే గీజరు వెలగదు, అప్పుడు దాన్ని ఆదివారమే షాపుకు తిరిగి ఇచ్చేద్దాం, బిల్లు పారేయకు. అప్పటిదాకా అత్తగారికి పొయ్యి మీదే నీళ్లు కాచిపెట్టు.

మీ మామ