కొలరాడో డెక్కర్స్‌లో ఫిబ్రవరి ట్రౌట్ ఎందుకు తగలట్లేదు: సమాధానం

డెక్కర్స్ దగ్గర సౌత్ ప్లాట్ నదిలో పిల్లలతో నాలుగు గంటలు గాలం వేసినా ఒక్క ట్రౌట్ చేపా పడలేదన్నారు మీరు. ఫ్లై (పురుగులా కట్టిన గాలం ఎర) తప్పు కాదండీ, లోతు తప్పు. నీళ్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరున్నప్పుడు ట్రౌట్ మేత కోసం పెద్దగా కదలదు, నెమ్మదిగా పారే మడుగుల్లో అడుగునే ఉంటుంది. ఇండికేటర్ (లైన్‌పై తేలే బెండు) నుంచి ఫ్లై దాకా దూరం నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు పెట్టండి. 6ఎక్స్ టిప్పెట్‌కి (లైన్ చివరి సన్నని దారం) 22 సైజు మిడ్జ్ (దోమలాంటి చిన్న ఫ్లై), దానికి జానెడు పైన చిన్న బరువు గుండు. ఆ గుండు అప్పుడప్పుడు నది అడుగు రాళ్లకు తగలాలి. అస్సలు తగలకపోతే లైన్‌కి ఇంకో గుండు నొక్కండి. ఇండికేటర్ పక్కనున్న నురగకన్నా ముందుకు పరుగెడుతుంటే ప్రవాహం లైన్‌ని లాగుతున్నట్టే, లైన్‌ని ఎగువ వైపుకి తిప్పి వేయండి.

తెల్లారే వెళ్లక్కర్లేదు. 11 నుంచి 3 దాకా చాలు, పిల్లలకూ అదే నయం. రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటే విరగ్గొట్టకండి, కొస నీళ్లలో ముంచితే కరుగుతుంది. పట్టిన చేపని ఫొటో కోసం దయచేసి బయటే ఉంచొద్దు, గడ్డకట్టే గాలికి మొప్పలు దెబ్బతింటాయి.