జూ నుంచి లైవ్ పాఠం మా స్కూల్లో పెట్టాలంటే ఏ యాప్ మంచిది?

"అమలాపురం దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఏడో తరగతికి జూ నుంచి లైవ్‌లో జంతువుల పాఠం పెట్టిద్దామనుకుంటున్నాం. జూమ్ మంచిదా, గూగుల్ మీట్ మంచిదా?" అని అడిగారు మేష్టారు.

ఏదైనా ఒకటేనండి. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కట్ అయిపోతుంది. మీట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే 60 నిమిషాలు. పాఠం ఎలాగూ 30 నిమిషాలు దాటకూడదు కాబట్టి మీకు రెండూ చాలు. యాప్ వల్ల చెడిపోయిన పాఠం నేనెక్కడా చూడలేదు. చెడేది కరెంటు దగ్గర, శబ్దం దగ్గర, అన్నిటికంటే ఎక్కువగా జంతువును ఎంచుకునే దగ్గర.

కరెంటు సంగతి ముందు తేల్చేద్దాం. మీ గదిలో గోడకున్న పెద్ద డిజిటల్ ప్యానెల్ ఇన్వర్టర్ మీద ఉందో లేదో అందరూ చూసుకుంటారు. వైఫై డబ్బా ఉన్నది హెడ్‌మాస్టర్ గదిలో, అది మామూలు లైను మీద. కరెంటు పోగానే ప్యానెల్ వెలుగుతూనే ఉంటుంది, జూ మాత్రం మాయం. కాబట్టి రెండూ ఇన్వర్టర్ మీదే ఉండాలి. 150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే ప్యానెల్, ల్యాప్‌టాప్, వైఫై కలిపి గంటన్నర ధైర్యంగా నడుస్తాయి. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్, ఎకో అని చిన్న స్విచ్ ఉంటుంది. అది ఎకోలో ఉంటే కరెంటు మారే ఆ రెప్పపాటులో ప్యానెల్ ఆగి మళ్లీ మొదట్నుంచి తెరుచుకుంటుంది, మీటింగులోకి మళ్లీ చేరాలి, ఈలోపు పిల్లలు సంత చేసేస్తారు. స్విచ్ యూపీఎస్ వైపు తిప్పి, పాఠానికి ముందురోజు మెయిన్ ఆపి ఒకసారి పరీక్ష చేయండి.

మీటింగును ప్యానెల్‌లో ఉన్న ఆండ్రాయిడ్ మీద నడపకండి. అందులో యాప్ పాతబడి ఉంటుంది, సరిగ్గా పాఠం వేళకే అప్‌డేట్ అడుగుతుంది. ల్యాప్‌టాప్‌లో తెరిచి హెచ్‌డీఎంఐ వైరుతో ప్యానెల్‌కి ఇవ్వండి. ల్యాప్‌టాప్ కెమెరాకి ముందు బెంచీ తప్ప ఏమీ కనపడదు కాబట్టి ఒక ఫోనును స్టాండు మీద పెట్టి పిల్లల వైపు తిప్పి, అదే మీటింగులో రెండో మనిషిగా చేర్చండి. ఆ ఫోనుకు ఆడియోనే కలపకూడదు. మైకు మ్యూట్ చేశాం కదా అని స్పీకర్ వదిలేస్తారు, అందులోంచి వచ్చే మాట మళ్లీ ల్యాప్‌టాప్ మైకులో పడి కీచుమంటుంది. చేరేటప్పుడే ఆడియో వద్దని నొక్కేస్తే ఆ గోలుండదు.

శబ్దానికి ప్రార్థనప్పుడు వాడే మైకు సెట్టు ఉంది కదా, దాని యాంప్లిఫయర్‌కి ల్యాప్‌టాప్ నుంచి 3.5 ఎంఎం పిన్ను వైరు వేయండి. పిల్లలు మాట్లాడే మైకు స్పీకర్‌కి వెనక ఉండాలి, ఎదురుగా కాదు. ప్రశ్న అడిగేవాళ్లు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి అడగాలి. కూర్చున్నచోటి నుంచి అరిస్తే అవతల జూ మనిషికి ఫ్యాన్ల హోరే వినపడుతుంది. ఇంకొకటి, మాట అటు చేరి జవాబు ఇటు రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే వినపడలేదనుకుని పిల్లలు ప్రశ్న మళ్లీ అడుగుతారు, అవతలివాళ్లు అప్పటికే జవాబు మొదలుపెట్టి ఉంటారు, రెండు మాటలూ గుద్దుకుంటాయి.

నెట్‌వర్క్ గురించి ఎక్కువ చెప్పను. 720పీ బొమ్మకు రెండు వైపులా 2 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. స్పీడ్ టెస్ట్ రాత్రి ఇంట్లో కాదు, పాఠం జరిగే గంటలోనే, ఆ గదిలోనే చేయండి. కొబ్బరితోటల మధ్య ఉన్న బడైతే హాట్‌స్పాట్ ఫోను మేడ మీద కిటికీలో పెట్టండి. రెండు కంపెనీల సిమ్ములు దగ్గరుంచుకోండి. బొమ్మ ఆగిపోతుంటే ముందు మీ పిల్లల వీడియో ఆపేయండి, అప్పటికీ కుదరకపోతే జూ మనిషికి మామూలు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి, యాప్‌లో ఆడియో ఆపేసి బొమ్మ మాత్రం రానివ్వండి. మాట ముందొస్తుంది, బొమ్మ కాస్త వెనకొస్తుంది. పిల్లలు రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతారు.

ఇక అసలు సంగతి. అందరూ పులి కావాలంటారు. పగలు పులి పడుకుంటుంది. మాంసం పెట్టేది చాలా జూల్లో సాయంత్రం, అదీ వెనకనున్న రాత్రి గదుల్లో. వారానికొక రోజు పస్తు కూడా ఉంటుంది. మీ బడి వేళలో దొరికేది దూరంగా చెట్టు కింద చారల మూట ఒకటి. పైగా ముందు ఇనుప వల ఉంటుంది, ఫోను కెమెరా ఫోకస్ వలకు పట్టేసి పులి మసకైపోతుంది. తెర మీద జంతువున్నచోట వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేయమని ఆ జూ మనిషికి ముందే చెప్పాలి. పాములైతే అద్దం వెనక ఉంటాయి, అద్దంలో చూసేవాళ్ల నీడే కనిపిస్తుంది. ఫోనును అద్దానికి ఆనించి, చుట్టూ చేత్తో గాని నల్లగుడ్డతో గాని మూస్తే తప్ప లాభం లేదు.

పగలు మేసేవి, నీళ్లలో ఉండేవి, కీపర్ పిలిస్తే వచ్చేవి అడగండి. ఏనుగు, నీటిగుర్రం, తాబేలు, నీటికుక్క. జంతువు ఒక్కటే ఉండాలి. 30 నిమిషాల్లో ఎనిమిది జంతువులంటే కెమెరా పట్టుకున్న మనిషి నడకే ఎక్కువ చూస్తారు. ఆ ఒక్క జంతువు గురించి పిల్లలు లెక్కపెట్టేది ఏదో ఒకటి ఉండాలి. ఇదొక్కటి ఉంటే బొమ్మ పాడైనా పాఠం నిలబడుతుంది.

కోనసీమలోనే ఒక బళ్లో నీటిగుర్రం పాఠం జరిగింది. పది నిమిషాలకే సిగ్నల్ పడిపోయి బొమ్మ గళ్లుగళ్లుగా అయింది. నీళ్ల మీద రెండు చెవులు, ముక్కు ఉబ్బు తప్ప ఏమీ తెలీట్లేదు. టీచరు గారు కంగారుపడలేదు. ముందే పిల్లల్ని గుంపులు చేసి, గుంపుకొక వాచీ ఇచ్చి ఉంచారు: ముక్కు ములిగినప్పుడు మొదలు, మళ్లీ తేలినప్పుడు ఆపు. అది ములగ్గానే ఏడో తరగతి మొత్తం పైకి లెక్కపెట్టడం మొదలెట్టింది. ఆ హోరు మైకులో పడి అవతల కీపర్‌కి వినపడింది, ఆయన మాట ఆపేసి తనూ నీళ్లకేసే చూస్తూ నిలబడ్డాడు. నూటికి దగ్గరపడుతుండగా బుస్సుమని తేలింది. చప్పట్లు. మళ్లీ ములిగింది, ఈసారి ఇంకా ఎక్కువసేపు. పెద్ద నీటిగుర్రం మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి ఊపిరికి పైకి రావాల్సిందేననీ, ములిగేటప్పుడు ముక్కు రంధ్రాలు, చెవులు వాటంతటవే మూసుకుపోతాయనీ ఆయన అప్పుడు చెప్పాడు. లెక్కపెట్టాక చెప్పాడు కాబట్టి విన్నారు. ముందే చెప్పుంటే ఒక్కడూ వినేవాడు కాదు.

తర్వాత ఒక కుర్రాడు మైకు దగ్గరికొచ్చి "మా గేదె కాలవలో పడుకుంటే తలంతా పైకే ఉంటదండి, దీనికి కళ్లూ చెవులే పైన ఉన్నాయేంటండి" అన్నాడు. కళ్లు, చెవులు, ముక్కు మూడూ తల పైభాగానే వరసలో ఉన్నాయనీ, ఒళ్లంతా దాచుకుని చూస్తూ, వింటూ, పీలుస్తూ ఉండటానికే అలా ఉన్నాయనీ కీపర్ చెప్పాడు. మేత బుట్ట చూపిస్తే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి "అది సూపర్ నేపియర్, మా దొడ్లో ఉంది" అంది. రోజుకు 40 కిలోల దాకా తింటుందంటే మీ గేదెకి ఎంత, మీ గేదెకి ఎంత అని వాళ్లలో వాళ్లే లెక్కలేసుకున్నారు. ఒంటి మీద ఎర్రగా ఊరేది రక్తం కాదు, ఎండ నుంచి కాపాడే జిగురు అన్న ముక్క దగ్గర బెల్లు కొట్టారు.

ఇదంతా తెలుగులో జరిగింది కాబట్టి జరిగింది. అమెరికా జూల వీడియోలు బాగానే ఉంటాయి, లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చిలో సిన్సినాటి జూ ఫియోనా అనే నీటిగుర్రంతో మొదలుపెట్టి రోజూ ఒక జంతువుతో లైవ్ పెడితే ప్రపంచమంతా చూసింది. కానీ వాళ్ల పగలు మనకు రాత్రి. విదేశమే కావాలంటే తూర్పున వెతకండి, సింగపూర్ మనకంటే రెండున్నర గంటలే ముందుంటుంది. అప్పుడు కూడా ఇంగ్లీషులో అడగలేక మీ గేదె కుర్రాడు నోరు మూసుకుంటాడు.

మనకు దగ్గర విశాఖ ఇందిరాగాంధీ జూ ఉంది, 1977 నుంచి నడుస్తోంది, కంబాలకొండ అడవి అంచున. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర జూ ఉంది. ఉత్తరం జూ నడిపే అధికారి, అంటే క్యూరేటర్ గారి పేరున, హెడ్‌మాస్టర్ సంతకంతో రాయండి. ఏ తరగతి, ఎంతమంది, ఏ తేదీ, ఏ గంట, జంతువు ఒకటి, అది కుదరకపోతే ఇంకొకటి, పాఠం తెలుగులో కావాలని, మీ తరఫున మాట్లాడేవారి ఫోన్ నంబరు, అంతా ఒక పేజీలో సరిపోవాలి. పిల్లల ప్రశ్నలు పది ఏరి జతచేయండి. విశాఖ జూకి సోమవారం సెలవు, జనం గోలుండదు. ఆ రోజు కుదురుతుందేమో అడిగి చూడండి, కాదంటే ఎండెక్కక ముందు, ఉదయం పదికి. మాట్లాడే మనిషికి కాలర్ మైకు లేకపోతే గాలి హోరు తప్పదు. కనీసం ఇయర్‌ఫోన్ మైకైనా పెట్టుకోమనండి.

ఫొటోల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. పాఠం మొదలవగానే ఎవరో ఒకరు తెర ముందు నిలబడి, పిల్లలందరినీ చేతులూపమని, వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి పది ఫొటోలు తీస్తారు. అవతల ఏనుగు తొండంతో కొబ్బరాకు చీలుస్తుంటుంది, ఇక్కడ పిల్లలు దానికి వీపు పెట్టి నవ్వుతుంటారు. ఫొటోలు చివరి రెండు నిమిషాల్లో తీసుకోమని ముందే గట్టిగా చెప్పండి. యూట్యూబ్ వీడియో పెట్టి లైవ్ అని రిజిస్టర్లో రాసే బళ్లూ ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ వద్దు.

మీరు అడగలేదు గానీ, మొదటి లైవ్ పాఠం జూ నుంచే ఎందుకు? ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్తే కోరంగి. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మన పిల్లలకు జిరాఫీ తెలుసు, చేపలు పట్టి తినే అడవిపిల్లి, బావురుపిల్లి తెలీదు. చేపల చెరువు గట్టు మీద అది కనపడితే కర్ర తీసుకుని వెంటపడతారు, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దానికి పులితో సమానంగా మొదటి షెడ్యూల్ రక్షణ ఉందని ఎవరూ చెప్పలేదు. వేళ్ల మధ్య పొర, నీరు లోపలికి ఇంకని ఒత్తు బొచ్చు, పూర్తిగా లోపలికి పోని గోళ్లు, ఇంత సరుకున్న జంతువు మన డెల్టాలోనే తిరుగుతోంది.

పగలు కనపడదు, నిజమే. దాని కాలిగుర్తులు కనపడొచ్చు. అటవీ శాఖ రేంజి ఆఫీసులో అనుమతి తీసుకుని, ఒక టీచరు ఫోనుతో అక్కడి చెక్కవంతెన మీద నిలబడితే చాలు. బురదలో గుర్తు దొరికితే వేళ్లు లెక్కపెట్టమనండి: నాలుగుంటే పిల్లి జాతి కావచ్చు, నక్క, కుక్కా కావచ్చు. ఐదుండి మధ్యలో పొర అచ్చు పడితే నీటికుక్క. గుర్తులు దొరక్కపోయినా బురద మీద గెంతే చేపలుంటాయి, ఒక కొండి మాత్రమే పెద్దదిగా ఉన్న మగ పీతలుంటాయి. ఆ చేప కళ్లు లోపలికి లాక్కుని తడుపుకుంటుంది. నిమిషానికి ఎన్నిసార్లో పిల్లలు లెక్కపెట్టొచ్చు. ఫోను జూమ్ రెండింతలు దాటనివ్వకండి, బొమ్మ పగిలిపోతుంది. సూర్యుడు వీపు వెనకుండాలి, లేకపోతే తడిబురద మెరుపు తప్ప ఏమీ రాదు.

ఇవన్నీ పాటు వేళే, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడే కనిపిస్తాయి, పోటు మీదున్నప్పుడు బురదంతా నీళ్ల కింద ఉంటుంది. పాటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి ప్రతి శనివారం పదింటికి అని టైంటేబుల్లో వేసుకుంటే కుదరదు. వేటకెళ్లేవాళ్లను ముందురోజు పాటు ఎన్నింటికో అడిగి, దాన్నిబట్టి పీరియడ్ మార్చుకోండి.