పచ్చ గుంటగలగర... ఏ పచ్చ?

సందేహం: ముడసర్లోవ జలాశయం దగ్గర తడినేలలో పాకే చిన్న మొక్క చూశాను. చామంతిని పోలిన పసుపు పూలు, సన్నని గరుకు ఆకులు. గేదెలు మేపుతున్న పెద్దాయన దాన్ని ‘పచ్చ గుంటగలగర’ అన్నాడు. పసుపు పువ్వును పచ్చ అనవచ్చా? మా అపార్టుమెంటు గోడ మీద పరచుకున్న పూలూ ఇలాగే ఉన్నాయి. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: పెద్దాయనది చక్కని తెలుగు. పచ్చ అంటే ఆకు రంగేనన్నది బడిలో రంగుల పటం చేసిన అలవాటు. పచ్చగన్నేరు ఏ రంగు పూస్తుంది? పచ్చకామెర్లలో కళ్లు ఏ రంగుకు తిరుగుతాయి? పెళ్లిచూపులకు వెళ్లొచ్చి ‘పిల్లది పచ్చని ఛాయ’ అంటే ఎవరూ ఆకు రంగు అమ్మాయిని ఊహించుకోరు. అలాగని ఉంగరంలో పొదిగే పచ్చ మరకతం కాకుండా పోదు. పచ్చ, పచ్చి, పసుపు, పసిమి, పసిడి ఒకే ధాతువు సంతానం. తమిళంలో ‘పచ్చై’ ఆకు రంగు దగ్గర స్థిరపడింది. అందుకే వాళ్లు ఈ మొక్కను ‘మంజళ్ కరిసలాంగణ్ణి’ అంటారు. మంజళ్ అంటే పసుపు. మనం రెండు రంగులనూ ఉంచుకుని, తికమక వచ్చే చోట ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట తగిలిస్తాం.

అరకు వలిసె చేలనే తీసుకోండి. పూతకు ముందు చూసొచ్చినవారు ‘చేలు పచ్చగా ఉన్నాయి’ అంటారు. పూత విరగబడ్డాక వెళ్లినవారూ అదే మాట అంటారు. ఎవరినీ తప్పుపట్టలేం.

ఇక్కడ పచ్చ పని వేరు చెప్పడం. జుట్టు నూనెలో కాచే మామూలు గుంటగలగరది తెల్ల పువ్వు. (గుంటగరగర అన్నా తప్పులేదు.) సంస్కృతంలోనూ అది భృంగరాజం, ఇది పీతభృంగరాజం.

గోడ మీది మొక్క ఆకు ఒకటి తెంపి చూడండి. మందంగా, నిగనిగలాడుతూ, మూడుగా చీలి ఉంటే అది అమెరికా ఉష్ణమండలానికి చెందిన స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. రెండో మాటకు ‘మూడు తమ్మెలది’ అని అర్థం. ముడసర్లోవలో మీరు చూసింది, మీ వర్ణన ప్రకారం, మన నేలదే అయిన స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. దాని ఆకుకు ఆ చీలికలుండవు. ఒకే ప్రజాతి కనుక పూలు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. అయినా గోడ మీదిదాన్ని పచ్చ గుంటగలగర అనకండి. నూనెలో అసలే కాచకండి.