డబ్బు వచ్చింది, నేను మారిపోయానా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 43. పిల్లలు లేని మా పెద్దమ్మ పోతూ తన ఇల్లు నా పేరున రాసింది. ఆర్నెల్ల క్రితం దాన్ని అమ్మాం. మేమిద్దరం జన్మంతా కష్టపడినా కూడబెట్టలేనంత డబ్బు ఒక్కరోజులో అకౌంట్లో పడింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఇంటి ఖర్చు పైసాతో సహా నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఆ వారమే మానేశాను. ఇదివరకు నెలాఖరుకు మిగిలినదాంతో ఒక్క పుస్తకం కొనుక్కుంటే వారం రోజులు సంబరంగా ఉండేది. మొన్న ఒకేసారి పన్నెండు కొన్నాను, కవర్లు కూడా విప్పలేదు. మావారు అడిగినవాళ్లకల్లా చేబదుళ్లు ఇస్తున్నారు. నాకేమో ఫోన్ మోగితే టెన్షన్. తమ్ముడు వాళ్ల పాప పుట్టినరోజుకి పిలిస్తే, డబ్బు కోసమే పిలుస్తున్నాడేమో అనిపించి వెళ్లలేదు. "నీకు కళ్లు నెత్తికెక్కాయి" అంది అమ్మ. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గర్వం ఎక్కడా కనిపించలేదమ్మా. కొలత తప్పి కంగారు పడుతున్న మనిషి కనిపించింది. ఇన్నేళ్లూ ప్రతి ఖర్చునూ జీతంతో కొలిచారు. ఇది కొంటే ఎన్ని రోజుల పని, నెలాఖరుకు ఏం మిగులుతుంది అని. పెద్దమ్మ ఇచ్చిన డబ్బుకు ఆ లెక్క అందదు. అందుకే నోట్‌బుక్ మూసేశారు.

2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ చెప్పిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి: డబ్బంతా ఒకటే అయినా మనసులో దానికి వేర్వేరు డబ్బాలు ఉంటాయి. కష్టార్జితం ఒక డబ్బాలో, అయాచితంగా వచ్చింది ఇంకో డబ్బాలో. మీవారి చేయి ధారాళమైంది ఆ రెండో డబ్బా దగ్గరే. జీతం డబ్బులోంచి అయితే అంత తేలిగ్గా తీసి ఇస్తారా?

నా విషయంలో ఇది తిరగబడింది. మా నాన్న పోయాక బీమా డబ్బు నా చేతికొచ్చింది. ముట్టుకోబుద్ధి కాలేదు. పాస్‌బుక్‌ను నాన్న కళ్లజోడు పెట్టెతో కలిపి బీరువాలో పెట్టేశాను. అప్పటికే నాకో అప్పుంది. దానికి నెలనెలా వడ్డీ కడుతూ, ఈ డబ్బును అలాగే ఉంచాను, రెండేళ్లపాటు. చివరికి మా అమ్మే అడిగింది, "నువ్వు వడ్డీలు కట్టుకోవాలనా మీ నాన్న ఇది ఇచ్చి వెళ్లింది?" అని. మర్నాడే వెళ్లి అప్పు తీర్చేశాను. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

మీ పన్నెండు పుస్తకాల సంగతికొస్తే, 1978లో అమెరికాలో 22 మంది లాటరీ విజేతలను కొందరు మనస్తత్వవేత్తలు ప్రశ్నించారు. స్నేహితుడితో కబుర్లు, మంచి జోకు, ఒక మెచ్చుకోలు లాంటి రోజువారీ చిన్న సంతోషాలు వాళ్లకు మిగతావాళ్ల కంటే తక్కువ ఆనందాన్నిచ్చాయి. మీకూ అదే జరిగినట్టుంది. నెలంతా ఎదురుచూసి కొన్న ఒక్క పుస్తకంలో ఆ ఎదురుచూపు కూడా ఉండేది.

"నడమంత్రపు సిరి నరాల మీద కురుపు" అంటారు. నేను ఒప్పుకోను. స్వీడన్‌లో పెద్ద మొత్తాలు గెలిచినవాళ్ల గురించి 2020లో వచ్చిన అధ్యయనంలో, పదేళ్లు దాటాక కూడా వాళ్లకు జీవితం పట్ల తృప్తి ఎక్కువగానే ఉందని తేలింది. అలాగని భయం లేదని కాదు. ఫ్లోరిడా లాటరీ మీద 2011లో వచ్చిన పరిశోధన చూడండి. 50,000 నుంచి 1,50,000 డాలర్ల దాకా గెలిచినవాళ్లలో మొదటి రెండేళ్లు దివాళాలు తగ్గాయి. మూడో ఏడు నుంచి ఐదో ఏడు లోపల, తగ్గినంతా మళ్లీ పెరిగాయి. అంటే చాలామందికి ఆ డబ్బు గండాన్ని వెనక్కి జరిపింది, అంతే. మీకు ఆర్నెల్లే అయింది కాబట్టి ఇంకా ఏమీ చేయి దాటలేదు.

వడ్డీ ఎక్కువున్న అప్పులుంటే ముందు తీర్చేయండి. మిగిలినది ఏడాదిపాటు ఏ రిస్కూ లేని డిపాజిట్‌లో ఉంచండి. చేబదుళ్ల విషయంలో మీవారితో పోట్లాడొద్దు. తిరిగి రాకపోయినా బాధపడకుండా ఇవ్వగలిగింది ఎంతో ఇద్దరూ కూర్చుని అనుకోండి, అది విడిగా తీసిపెట్టండి. అది అయిపోయాక ఎవరడిగినా "ఏడాది దాకా కదపకూడదనుకున్నాం" అని ఇద్దరూ ఒకే మాట చెప్పండి. ఒకే మాట మీద ఉంటే ఫోన్ మోగినప్పుడు ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. నోట్‌బుక్ మళ్లీ తెరవండి. కొత్త పేజీ మీద పెద్దమ్మ పేరు రాసి, ఆవిడ ఉంటే ఈ డబ్బుతో మీరేం చేస్తే సంతోషించేదో కింద రాసుకోండి. ఆ పేజీ నింపడానికి తొందరేమీ లేదు.

తమ్ముడి విషయం మాత్రం వాయిదా వేయకండి. అతను మిమ్మల్ని డబ్బు అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, పుట్టినరోజుకి పిలిచాడంతే. ఈ ఆదివారమే వెళ్లండి. కవర్లు విప్పని ఆ పన్నెండు పుస్తకాల్లో పాప చదవగలిగేది ఏదైనా ఉంటే తీసుకెళ్లండి.