ఓడలో వాటా అన్నారు, స్టాంపు కాగితం ఇచ్చారు

ప్రశ్న: లాయరు గారూ, మాది కవిటి. తమ్ముడు మర్చంట్ నేవీలో ఉన్నాడు. వాడికి తెలిసినవాళ్లు చైనాలో కట్టిన పాత సరుకు ఓడ కొంటున్నారట. పది లక్షలు పెడితే వాటా రాసిచ్చి, నెలకు రెండు శాతం ఖాయంగా ఇస్తామంటున్నారు. అగ్రిమెంటులో మాత్రం ‘ప్రభుత్వ విధానాలు మారి ఆదాయం తగ్గితే కంపెనీకి బాధ్యత లేదు’ అని ఉంది. అమెరికా సుంకాల గొడవలో డబ్బు మునిగితే కోర్టుకు వెళ్లవచ్చా? కొబ్బరి తోట తాకట్టు పెడదామనుకుంటున్నాను.

జవాబు: ముందు తోట కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయండి.

మీ భయం అమెరికా గురించి. నా భయం ఆ ఒక్క వాక్యం గురించి. ఓడల వ్యాపారంలో విధానాలు మారని ఏడాది ఏది? చైనాలో కట్టిన ఓడలు తమ రేవులకొస్తే, కొన్ని మినహాయింపులతో, అదనపు రుసుము కట్టాలని అమెరికా 2025 అక్టోబరు 14 నుంచి అమలు చేసింది. నెల తిరక్కుండా, నవంబరు 10 నుంచి ఏడాదిపాటు ఆపేసింది. టైమ్ చార్టర్‌లో (అంటే ఓడను కొంతకాలానికి అద్దెకివ్వడంలో) ఇంధనం, రేవు ఖర్చులు మామూలుగా ఓడను అద్దెకు తీసుకున్నవాళ్లవి. సిబ్బంది జీతాలు, బీమా, మరమ్మతులు యజమానివి. అందుకని రుసుము పడిన రోజే ఆదాయం పడిపోదు. చార్టర్ గడువు తీరాక ‘చైనా ఓడ కదా’ అని అద్దె తగ్గించి అడుగుతారు, దెబ్బ అప్పుడు. గొడవల వల్ల అద్దెలు పెరగడమూ ఉంది: 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టి వెళ్లాల్సి వచ్చాక కంటైనర్ ఓడల అద్దెలు ఎగబాకాయి. మీ అగ్రిమెంటు ప్రకారం అద్దె ఎంత పెరిగినా మీకు రెండు శాతమే, తగ్గితే నష్టం మాత్రం మీదే.

కోర్టు సంగతి. ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధనలు మార్చిందని మన విద్యుత్ కంపెనీలు ఒప్పందాల నుంచి ఉపశమనం కోరితే, 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఖర్చు పెరిగినంత మాత్రాన ఒప్పందం అసాధ్యమైనట్టు కాదంది. ఆ ఒప్పందాల్లోని ‘చట్టంలో మార్పు’ అంటే మన దేశ చట్టమేనంది. మీ కాగితంలో ఆ సాకు ముందే రాసి ఉంది, పైగా ‘ప్రభుత్వం’ అంటే ఏ దేశానిదో లేదు. పేచీ వస్తే వాళ్లు అన్ని దేశాలదీ అంటారు. సంతకం పెట్టాక ఆ వాక్యం మీకే అడ్డం.

అసలు మీది వాటాయేనా? 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం ఓడను పది వాటాలుగా చూసింది. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. ఏ చట్టమైనా యజమాని ఎవరో చెప్పేది ఓడల రిజిస్టరే, నోటరీ ముద్ర కాదు. అందులో పేరు లేకుండా ఖాయం వడ్డీ అంటే అది డిపాజిట్ లాంటిదే. అనుమతి లేని డిపాజిట్ల వసూలు 2019 బడ్స్ చట్టం (అనుమతి లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం) కింద నేరం. పదిమంది సొమ్ము కలిపి నడిపే పథకమైతే సెబీ రిజిస్ట్రేషన్ చూపించమనండి.

ఓడ అప్పులపాలైతే హైకోర్టు దాన్ని అరెస్టు చేసి (అవును, ఓడనే) వేలం వేయించవచ్చు. ఓడల మీద దావాలకు సంబంధించిన 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం ముందు వరసలో సిబ్బంది జీతాలు, తర్వాతెప్పుడో తనఖా మీద అప్పిచ్చిన బ్యాంకు. మీ తమ్ముడు అదే ఓడలో పనిచేస్తే వాడి జీతానికున్న రక్షణ మీ పది లక్షలకు ఉండదు.

వాళ్లను ఓడ ఐఎంఓ నంబరు (ఓడకు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) అడగండి, ఏడంకెలుంటుంది. ఓడ పేరు మారినా, చేతులు మారినా ఆ నంబరు మారదు. పాత ఓడ కదా, నంబరు ముందే ఉంటుంది; ‘కొన్నాక చెబుతాం’ అంటే అక్కడితో ఫోను పెట్టేయండి.